ముద్ద దిగడం లేదా? మొండితనం అనుకోకండి
ఆహార అలర్జీకి చికిత్స పొందుతున్న పిల్లలు – అన్నవాహిక వాపు

వేసవి సెలవులు వస్తే మన సంఘ కుటుంబాలలో చాలా ఇళ్ళకు అమెరికా నుండి మనవలు, మనవరాళ్ళు వస్తారు. ఈమధ్య అలా వచ్చిన ఎనిమిదేళ్ళ బాబును తీసుకుని ఒక అమ్మమ్మగారు మా ఓ.పి.కి వచ్చారు. బాబుకి వేరుశెనగ పడదు. అందుకని అక్కడి డాక్టరు రోజూ కొలత ప్రకారం కొద్దిగా వేరుశెనగ పొడి తినిపిస్తూ చికిత్స చేస్తున్నారు.

"పిడికెడన్నం గంటసేపు నములుతాడమ్మా. ముద్దముద్దకీ నీళ్ళు తాగుతాడు. వారంలో రెండుసార్లు కక్కుతాడు. మొండితనం అనుకుని కసురుకుంటున్నాం" అన్నారావిడ.

మేము కూడా ముందు నులిపురుగుల గురించే ఆలోచించాం. చికిత్స సంగతి విన్నాక డాక్టరుగారు వెంటనే బాబు తల్లితో మాట్లాడి, అమెరికాలోని అలర్జీ డాక్టరుకు ఆ రోజే చెప్పమన్నారు. ఎందుకో మీరందరూ తెలుసుకోవడం మంచిది.

ఈ చికిత్స ఏమిటి?

పడని ఆహారాన్నే అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, డాక్టరు పర్యవేక్షణలో నెలల తరబడి కొంచెం కొంచెంగా పెంచుతూ శరీరానికి అలవాటు చేయడాన్ని ఓరల్ ఇమ్యునోథెరపీ అంటారు. ఈ ఆలోచన కొత్తది కాదు. కోడిగుడ్డు పడని ఒక అబ్బాయికి ఇలా నయం చేసినట్లు ఇంగ్లండులో ఒక డాక్టరు 1908లోనే రాశారు. వేరుశెనగ అలర్జీ కోసం తయారైన పాల్ఫోర్జియా అనే పొడిని 2020లో అమెరికా ప్రభుత్వ మందుల నియంత్రణ సంస్థ ఆమోదించింది. పొరపాటున ఒక పలుకు నోట్లో పడినా ప్రాణం మీదికి రాకుండా చూడటమే దీని ముఖ్య ఉద్దేశ్యం. పల్లీ చట్నీ గిన్నెడు తినవచ్చని కాదు.

అన్నవాహికలో ఏమి జరుగుతుంది?

చికిత్సలో ఉన్న బిడ్డకు దద్దుర్లు, ఆయాసం, పెదవుల వాపు వస్తాయేమోనని అందరూ కనిపెట్టుకుని ఉంటారు. అవి నిమిషాలలో, లేదా రెండు గంటల లోపు కనబడతాయి. కానీ కొందరిలో మరో రకమైన తేడా మెల్లగా, వారాలు నెలల మీద వస్తుంది. మన రక్తంలో ఉండే ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు నోటినుండి కడుపుకు వెళ్ళే గొట్టం, అంటే అన్నవాహిక, గోడలో చేరి వాపు పుట్టిస్తాయి. దీన్ని ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అంటారు. పట్టించుకోకుండా ఏళ్ళ తరబడి వదిలేస్తే గొట్టం గట్టిపడి, ఇరుకై, ముద్ద మధ్యలోనే ఇరుక్కుపోవచ్చు.

ఇది ఎంతమందికి వస్తుంది? అప్పటివరకు జరిగిన పరిశోధనలను కలిపి 2014లో లెక్కవేసినప్పుడు, ఈ చికిత్స తీసుకున్నవారిలో సుమారు 2.7 శాతం అని తేలింది. అంటే నూటికి ముగ్గురి లోపే. అయితే ఆ పరిశోధనలలో అందరికీ లోపల పరీక్ష చేయలేదు కనుక అసలు సంఖ్య కొంత ఎక్కువే ఉండవచ్చు.

ఎలా కనిపెట్టాలి?

ముఖ్యమైన పరీక్ష అడగడం, గమనించడం. దీనికి మిషను అక్కరలేదు. చికిత్స మొదలుపెట్టక ముందు ఒకసారి, తరువాత మోతాదు పెంచిన ప్రతిసారీ ఈ ప్రశ్నలు అడగాలి:

1. భోజనానికి అందరికంటే ఎక్కువసేపు పడుతోందా? మరీ ఎక్కువగా నములుతున్నాడా?
2. ప్రతి ముద్దకూ నీళ్ళు కావాలంటున్నాడా?
3. మాంసం, చపాతీ వంటి గట్టి పదార్థాలు పక్కన పెట్టి పెరుగన్నం, జావ మాత్రమే అడుగుతున్నాడా? మాత్ర మింగనంటున్నాడా?
4. "ఇక్కడ ఆగింది" అని రొమ్ము మీద చెయ్యి పెట్టి చూపిస్తున్నాడా?
5. కడుపునొప్పి, వాంతులు మాటిమాటికీ వస్తున్నాయా? దద్దుర్లు లేకుండా, మోతాదు ఇచ్చిన కొన్ని గంటల తరువాత వస్తున్నాయా?
6. బరువు పెరగడం ఆగిందా?

చిన్నపిల్లలు నొప్పి అని చెప్పలేరు. తిండి వద్దంటారు, కక్కుతారు. బడి వయసువారు కడుపునొప్పి అంటారు. పెద్దపిల్లలైతే ముద్ద దిగడం లేదంటారు, లేదా అలవాటుపడి ఏమీ చెప్పరు. అందుకే పక్కన కూర్చుని తినేటప్పుడు చూడాలి.

రక్తపరీక్ష చాలదు. రక్తంలో ఇసినోఫిల్స్ నులిపురుగుల వల్ల, ఉబ్బసం వల్ల కూడా పెరుగుతాయి. రక్తంలో మామూలుగా ఉండి, అన్నవాహికలో వాపు ఉండటమూ జరుగుతుంది.

అందరికీ ఎండోస్కోపీ చేయాలా?

అవసరం లేదు. ఎండోస్కోపీలో సన్నటి గొట్టంతో లోపలికి చూసి, అన్నవాహికలో పలుచోట్ల చిన్న ముక్కలు తీస్తారు. మైక్రోస్కోపు కింద అతి పెద్దగా చేసి చూసే ఒక్క వలయంలో 15 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఇసినోఫిల్స్ ఉంటే ఈ జబ్బును అనుమానించి, లక్షణాలతో కలిపి నిర్ణయిస్తారు. దీనికి పిల్లలకు మత్తు ఇవ్వాలి, ఖర్చూ ఉంది. పైగా చికిత్స తొలి నెలలలో ఏ బాధా లేకుండానే ఈ కణాలు చేరి, కొందరిలో వాటంతటవే తగ్గినట్లు పరిశోధనలలో చూశారు. కనుక లక్షణాలు ఉన్నవారికి, తగ్గనివారికి మాత్రమే చేస్తారు. ముందునుంచే ఈ వాపు ఉన్న పిల్లలకు పాల్ఫోర్జియా ఇవ్వకూడదని ఆ మందు సూచనలలోనే ఉంది. అందుకే చికిత్సకు ముందే మింగడం గురించి అడగడం అంత ముఖ్యం.

వాపు ఉంటే ఏమి చేస్తారు?

డాక్టరు మోతాదు తగ్గిస్తారు లేదా ఆపేస్తారు. ఎక్కువమందిలో అలా ఆపితే వాపు తగ్గుతుంది. తగ్గనివారికి కడుపులో ఆమ్లం తగ్గించే మందులు, మింగే స్టిరాయిడ్ మందు ఉన్నాయి. చికిత్స ఆపినప్పుడు వేరుశెనగ అలర్జీ అలాగే ఉందని మరువకండి. మునుపటిలాగే పూర్తి పథ్యం పాటించాలి.

ఇంట్లో పెద్దలకు మా మనవి

• మోతాదు మీ అంతట మీరు పెంచవద్దు. "రెండు పలుకులు ఎక్కువ తింటే త్వరగా తగ్గుతుంది" అనే మాట వినవద్దు.
• ఖాళీ కడుపున ఇవ్వవద్దు. ఇచ్చాక రెండు గంటలు పరుగులు, ఆటలు, వేడినీళ్ళ స్నానం వద్దు.
• జ్వరం, వాంతులు ఉన్న రోజు ఇచ్చే ముందు డాక్టరును అడగండి. కొన్ని రోజులు మానితే పాత మోతాదుతో తిరిగి మొదలుపెట్టవద్దు.
• అడ్రినలిన్ ఇంజక్షన్ పెన్ను అక్కడినుండే తెచ్చుకుని, ఇంట్లో అందరూ వాడటం నేర్చుకోండి. ఆయాసం వస్తే వెంటనే ఇచ్చి ఆసుపత్రికి రండి.
• ముద్ద ఇరుక్కుని ఉమ్మి కూడా మింగలేకపోతే అరటిపండు, అన్నం ముద్ద పెట్టి తోయవద్దు. వెంటనే తీసుకురండి.
• వాంతులు, భోజనం పట్టే సమయం, మోతాదు ఒక నోటుబుక్కులో తేదీలతో రాసి ఉంచండి.

ఆ బాబుకు అక్కడి డాక్టరు ఫోనులోనే మోతాదు ఆపమన్నారు. తిరిగి వెళ్ళాక ఎండోస్కోపీ చేస్తామన్నారు. అమ్మమ్మగారు వెళ్ళేటప్పుడు "అనవసరంగా తిట్టాను పిల్లాణ్ణి" అని కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడ గమనించి చెప్పబట్టే సంగతి బయటపడింది. మీ ఇంట్లో కూడా బిడ్డ అన్నం దగ్గర పేచీ పెడుతుంటే, కసిరే ముందు ఒక్కసారి "మింగేటప్పుడు ఎక్కడైనా ఆగుతోందా నాన్నా?" అని అడగండి.