పన్నెండు చెక్కల గిన్నె

తరిమెన అనే మాటను మనవాళ్లు మెల్లగా మరిచిపోతున్నారు. లేతు అంటే మాత్రం ఎవరికైనా తెలుస్తుంది. పాతకాలపు పందిరి మంచాల కోళ్లు నున్నగా తీర్చింది ఆ తరిమెన మీదనే. ఏటికొప్పాకలో అంకుడు కర్రను గిరగిర తిప్పుతూ, రాపిడి వేడికే లక్క కరిగేటట్టు అద్ది పిడతలు చేసేదీ దానిమీదనే. అయితే అవన్నీ ఒకే కర్రలోంచి తీసినవి. ముక్కలు అతికి, ఆ అతుకుల చక్రాలు ఒకదానిమీద ఒకటి పేర్చి, గిన్నెగా తొలవడం వేరే విద్య. అందులో తప్పు జరిగేది ఒకచోట, బయటపడేది మరొకచోట.

ఈ సంగతి నాకు రాజమండ్రిలో మా బావగారి పెరటి షెడ్డులో బోధపడింది. ఆయన రిటైరయిన తరవాత చిన్న లేతు ఒకటి కొనుక్కున్నారు. మరుసటి యేడు కొత్తకాపురం పెట్టబోయే కూతురికి టేకూ పనసా కలిపి పళ్లగిన్నె చేసి యివ్వాలని ఆయన పట్టుదల. నేను తెలుగు పంతుల్ని; స్టూలు వేసుకుని చూడడమే నా పని.

చక్రానికి పన్నెండు ముక్కలు. ఒక్కొక్కదానికి రెండు కొసలూ 15 డిగ్రీల వాలున కోయాలి. అంటే 24 కోతలు. రంపం పావు డిగ్రీ తప్పితే కంటికేం తెలుస్తుంది? ఏ అతుకుకా అతుకు ముచ్చటగానే వుంటుంది. కాని పావు చొప్పున 24 కోతలకి 6 డిగ్రీలు! ఎనిమిది అంగుళాల చక్రంలో ఆఖరి అతుకు దగ్గర అర అంగుళానికి కాస్త తక్కువ సందు. బావగారు పట్టీ బిగించి ఆ సందు మూయించారు. లేతు తిరిగి, ఉలి తగలగానే ఆ ముక్క వూడి గోడకు కొట్టుకుంది. ముఖానికి తొడుగు పెట్టుకున్నారు గనుక సరిపోయింది.

"ఆఖరి ముక్క మోసం చేసిందోయ్" అన్నారు. మర్నాటికి ఆ మాట మార్చుకున్నారు. అది పాపం చేసిందేమీ లేదు. ముందున్నవన్నీ తలాకాస్త చేసిన అప్పు దాని నెత్తిన పడింది.

అప్పటినుంచీ ముందు జిగురు లేకుండా పన్నెండూ పేర్చి, సైకిలు ట్యూబు ముక్కతో బిగించి, దీపానికి అడ్డంగా పట్టి చూసేవారు. వెలుగు కనబడితే మళ్లీ రంపం దగ్గరికే. ఆరేసి ముక్కలతో రెండు అర్ధచక్రాలు అతికి, వాటి కొసలు గరుకు కాగితం మీద చదునుచేసి, అప్పుడు కలిపేవారు. మిగిలిన తేడా అక్కడ అరిగిపోతుంది. చక్రం మీద చక్రం పెట్టేటప్పుడు, ఇటుక గోడలోలాగా, కింది అతుకు మీదికి పై ముక్క నడుము రావాలి.

ఇంత చేసినా అసలు దెబ్బ అడుగున తగిలింది. శ్రావణంలో పూర్తయిన గిన్నె రోహిణీకార్తెలో టప్పుమంది. అడుగు చెక్క నడిమికి బీట! కర్ర తడికి ఉబ్బినా, ఎండకు కుంచించుకున్నా, వెడల్పునే గాని పొడుగున దాదాపు మారదు. చక్రాల్లో కర్ర పొడుగు చుట్టూ తిరిగి వుంటుంది గనుక అవి కదలవు. అడుగున వేసింది ఒకే పలక. పడమటిగాలికి అది కుంచించుకోబోయింది, చుట్టూ జిగురు వదలలేదు. ఇంకేం చేస్తుంది, చీలింది.

"రంపపు పొట్టులో జిగురు కలిపి మెత్తితే సరి. పళ్ల కింద ఎవరు చూడొచ్చారు?" అంది అక్కయ్య.

"వాళ్లింట్లో మళ్లీ చీలితే సమాధానం చెప్పడానికి నేనక్కడ వుంటానా?" అన్నారు బావగారు.

అమ్మాయి ప్రయాణం మూడు వారాల్లో పడింది. ఆయన లేతు ముట్టుకోకుండా రెండురోజులు వూరుకున్నారు. మూడోనాడు మా పాతయింటి వీధి తలుపు దగ్గర నిలబడి దాని పలకను వేలితో నొక్కి చూశారు. వడ్రంగి ఆ పలకకు మేకూ కొట్టలేదు, జిగురూ పెట్టలేదు. చట్రంలో గాడి తీసి వదులుగా నిలబెట్టాడు. ఎన్ని వానలకు ఉబ్బిందో, ఎన్ని ఎండలకు ముడుచుకుందో, ఒక్క బీట లేదు. ఆ తలుపు పక్కనుంచి నిత్యం రాకపోకలు చేసినవాళ్లమే అందరమూ.

రెండో గిన్నెకి అడుగు పలకను రెండు చక్రాల మధ్య గాడిలో కూర్చోబెట్టారు, జిగురు తగలకుండా. అమ్మాయి చేతిలోకి తీసుకుని అడుగు నొక్కింది.

"నాన్నా, యిది వదులుగా వుందే!"

"కావాలనే వదిలానమ్మా."

బీటవారిన మొదటిది అక్కయ్య వంటింట్లో వుంది. ఎండుమిరపకాయలు పోసుకుంటోంది.