భూమి లేనివాడికి నీళ్ళలో వాటా లేదా?

ఎండాకాలం వచ్చిందంటే మన మెట్ట పల్లెల్లో ముందుగా ఎండేది కూలీల పేటలోని చేతిపంపే. పేట చివర ఆసామి పొలంలో బోరు మాత్రం కరెంటున్నంతసేపూ పోస్తూనే ఉంటుంది. రెండూ తోడేది ఒకే నేల కింది నీళ్ళు. లోతు బోరు లాగేకొద్దీ నీటిమట్టం దిగిపోతుంది. పైపైన ఉన్న పంపు గుడగుడమని ఊరుకుంటుంది. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ఆసామి గట్టు మీద నిలబడాలి. ‘వానదేవుడు కరుణించలేదు’ అంటే సరిపోతుందా? కరువు ఏడు కూడా ఎవరికి నీళ్ళున్నాయో, ఎవరికి లేవో చూస్తే అసలు సంగతి బోధపడుతుంది.

మహారాష్ట్రలో 1972లో ఘోరమైన కరువొచ్చింది. లక్షలాది జనం కరువు పనుల్లో రాళ్ళు కొట్టి పొట్టపోసుకున్నారు. పూణే జిల్లా పురందర్ తాలూకా వానలు తక్కువ పడే ప్రాంతం. అక్కడి నాయ్‌గావ్‌లో విలాస్‌రావ్ సాళుంఖే అనే ఇంజనీరు గుడి మాన్యం 40 ఎకరాలు కౌలుకు తీసుకున్నాడు. వాలుకు అడ్డంగా కట్టలు వేయించి, దిగువన చిన్న చెరువు, దాని కింద బావి తవ్వించాడు. పారిపోయే వాననీరు నేలలోకి ఇంకి బావిలో ఊరింది. బీడు పండింది.

ఇంతవరకూ ఇంజనీరు పనే. నీళ్ళు పంచుకున్న తీరే మనం నేర్చుకోవలసింది. ‘పానీ పంచాయతీ’ పేరుతో చుట్టుపక్కల ఊళ్ళు పెట్టుకున్న కట్టుబాట్లివి: నీటి వాటా ఎకరాలను బట్టి కాదు, ఇంట్లో తలలను బట్టి. మనిషికి అరెకరానికి సరిపడా నీరు. ఎంత పెద్ద కుటుంబమైనా రెండున్నర ఎకరాలకు మించదు. భూమి అమ్మితే నీటి హక్కు భూమితో పోదు. ఏడాది పొడుగునా నీళ్ళు తాగే చెరకు వేయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, భూమి లేని కూలీకి కూడా వాటా ఉంటుంది. తన వాటా నీళ్ళతో అతను కౌలుకో, పాలుకో సేద్యం చేసుకోవచ్చు.

అన్ని పథకాలూ నిలవలేదు. కొన్ని మధ్యలో ఆగిపోయాయి. అయినా నీళ్ళు భూమి గలవాడి సొత్తు కాదు, ఊరి సొత్తు అన్న మాట ఆచరణలో రుజువైంది.

మరి మన దగ్గర? 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు సాగు బోరు వేయకూడదు. చట్టం కాగితం మీద బాగానే ఉంది. మన పేట పంపు పక్కన రాత్రికి రాత్రి బోరు బండి దిగినప్పుడు అడిగే నాథుడేడీ?

అడగాల్సింది మనమే. వానాకాలం కాగానే ఊరి బావుల్లో నీటిమట్టం కొలిచి గోడ మీద రాయిద్దాం. తాగునీరు తీసిపెట్టాకే రబీ పంటలు గ్రామసభలో తేల్చుకుందాం. చెరువు పూడిక తీసేది కూలీల చేతులే కనుక నీళ్ళలోనూ, చేపల్లోనూ వాళ్ళకు వాటా అడుగుదాం. పంపు పక్కన బోరు బండి కనబడితే పేటంతా కదులుదాం.

తట్ట మోసినవాడికి బిందెడు నీళ్ళు దక్కని ఊళ్ళో ఎన్ని చెరువులు తవ్వినా ఎవరి కోసం?