నేల మీది జీవులకు రెండు పైకప్పులు

నల్లమల అడవి అనగానే మనకు పులి, ఎలుగుబంటి గుర్తుకొస్తాయి. కానీ కాళ్ళ కింద నలిగే ఆకుల్లో అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ప్రాణులున్నాయి. తేలు, జెర్రి, సాలీడు, చీమ, రోకలిబండ. ఇవన్నీ మనం పాఠంలో చదువుకున్న ఆర్థ్రోపొడా వర్గానివే. వీటి బతుకు చెట్ల నీడ మీద ఎలా ఆధారపడిందో చూద్దాం.

కొమ్మలు కలిసి పందిరిలా అల్లుకున్న చోట ఎండలో చాలాభాగం ఆకుల దగ్గరే ఆగిపోతుంది. పైగా ఆకులు బాష్పోత్సేకం ద్వారా నీటిని ఆవిరిగా వదులుతాయి. ఆ ఆవిరికి వేడి కావాలి కదా, అందుకని చుట్టూ ఉన్న గాలి చల్లబడుతుంది. కుండలో నీళ్ళు చల్లబడేదీ ఇలాగే. గాలి విసురు తగ్గి తేమ నేల దగ్గరే నిలుస్తుంది. రాత్రి నేల వదిలే వేడిని కూడా పందిరి కొంత ఆపుతుంది. ఐదు ఖండాల అడవుల కొలతలను కలిపి 2019లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. బయటికంటే చెట్ల కింద గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 4 డిగ్రీలు తక్కువ, కనిష్ఠం 1 డిగ్రీ ఎక్కువ ఉందట. ఇలా ఒక చిన్న చోటుకే పరిమితమైన దాన్ని సూక్ష్మ వాతావరణం అంటారు. రేడియోలో చెప్పే ఉష్ణోగ్రత వేరు, ఇది వేరు.

4 డిగ్రీలు మనకు పెద్ద లెక్క కాదు. రోకలిబండకు మాత్రం అది ప్రాణం. శరీరం ఎంత చిన్నదైతే దాని పరిమాణానికి ఉపరితలం అంత ఎక్కువ, ఒంట్లో నీరు అంత త్వరగా ఆరిపోతుంది. చాలా కీటకాలు శ్వాసరంధ్రాలు మూసుకుని నీటిని కాపాడుకుంటాయి. రోకలిబండ మూసుకోలేదు. అందుకే తడిని వదిలి దూరం పోదు. చెట్లు కొట్టేసిన చోట పురుగులే ఉండవని కాదు. ఎండకు తట్టుకునే చీమలు, మిడతలు పెరుగుతాయి, తేమ కోరేవి తప్పుకుంటాయి. చెదలు గడుసువి, మట్టితో సొంత కప్పు కట్టుకుని దాని కిందే నడుస్తాయి!

నల్లమలలో ఒక చిక్కుంది. ఇది ఆకురాల్చే అడవి. శివరాత్రి దాటేసరికి చాలా చెట్లు మోడుల్లా నిలబడతాయి. సరిగ్గా ఎండలు ముదిరే వేళకు పందిరి పోతుందన్నమాట. మరి నేల జీవుల గతి? పైకప్పే కిందికి దిగుతుంది. రాలిన ఆకుల పొర కిందా, కుళ్ళిన దుంగల కిందా, నేల పగుళ్ళలో అవి తొలకరి దాకా తలదాచుకుంటాయి.

ఇప్పపువ్వు తేలిగ్గా ఏరుకోవచ్చనో, తునికి చిగురు బాగా వస్తుందనో ఆ ఆకులకే నిప్పు పెడతారు. పెద్దచెట్టు వానలకు మళ్ళీ చిగురిస్తుంది కాబట్టి నష్టం కనపడదు. కానీ ఆకును నమిలి మట్టిలో కలిపి చెట్టుకు ఎరువు చేసేది ఈ చిన్నజీవులే. పువ్వు అమ్ముకుని ఇల్లు గడుపుకునే వాళ్ళను తప్పుపట్టడం నాకు న్యాయమనిపించదు. చెట్టు కింద వల కట్టి పువ్వు పట్టే పద్ధతి ఉంది, ఆ వలలు ఇప్పిస్తే నిప్పు అవసరమే ఉండదు.

మన ఆవరణలోనే దీన్ని పరీక్షించవచ్చు. రెండు ప్లాస్టిక్ గ్లాసులను అంచు నేలకు సమంగా ఉండేలా పాతండి. ఒకటి చెట్టు కింద ఆకుల్లో, ఒకటి గ్రౌండు మధ్యలో. నీళ్ళు పోయవద్దు, పొద్దున్నే లెక్కపెట్టి వదిలేయవచ్చు. తేలు పడి ఉండవచ్చు, చేయి మాత్రం పెట్టకండి.