డైనమో చెడిపోతే మనమే మార్చుకోవాలా? షెడ్డుకు పోవాలా?



అంబాసిడర్ కారు మీరందరూ చూసే ఉంటారు. గుండ్రటి ముక్కు. గుండ్రటి లైట్లు. లోపల పొడవాటి సీట్లు. ఒకప్పుడు పెళ్లికొడుకు వచ్చినా అదే కారు. కలెక్టరు వచ్చినా అదే కారు. నెలలు నిండిన ఆడమనిషిని నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా అదే కారు.

ఈ కారును హిందుస్థాన్ మోటార్స్ కంపెనీ తయారు చేసింది. పశ్చిమ బెంగాల్‌లో ఉత్తరపారా అనే ఊళ్లో దాని ఫ్యాక్టరీ ఉండేది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారును చూసి దీన్ని చేశారు. 1950ల చివర్లో మొదలు పెట్టారు. 2014లో ఆపేశారు. కొత్త బండ్లు రావు. ఉన్న పాత బండ్లనే బాగు చేసుకుంటూ నడుపుకోవాలి.

"కారు సంగతి మనకెందుకమ్మా? అది మగవాళ్ల పని గదా?" అని మీరు అడగవచ్చు. బండి కొనడానికి కుదువ పెట్టింది ఎవరి నగలు? పొదుపు సంఘంలో అప్పు తెచ్చింది ఎవరు? రిపేరు డబ్బు పోయేది ఏ ఇంట్లో నుంచి? అందుకే ఈ సంగతి మనకూ తెలియాలి. ఇప్పుడు ఆడవాళ్లు కూడా బండ్లు తోలుతున్నారు. వాళ్లకు మరీ తెలియాలి.

డైనమో అంటే ఏంది?

బండిలో ఒక బ్యాటరీ ఉంటుంది. కరెంటును దాచి పెట్టేది బ్యాటరీ. ఇంజను స్టార్టు కావాలంటే కరెంటు కావాలి. లైట్లకు కావాలి. హారనుకు కావాలి. అన్నీ బ్యాటరీలో నుంచి తీసుకుంటూ పోతే అది ఖాళీ అవుతుంది. మళ్లీ నింపేది ఎవరు? డైనమో.

మన ఊరి లెక్కలో చెప్పుకుందాం. సంగం దగ్గర పెన్న నీళ్లు కాలువలోకి మళ్లుతాయి. ఆ కాలువ నీళ్లు కనిగిరి రిజర్వాయరులోకి వస్తాయి. రిజర్వాయరు నుంచి మన పొలాలకు పారతాయి. కాలువ ఆగిపోతే పొలం ఆ రోజే ఎండదు. రిజర్వాయరులో ఉన్న నీళ్లు కొన్నాళ్లు వస్తాయి. తర్వాత అదీ అడుగంటుతుంది. బ్యాటరీ రిజర్వాయరు లాంటిది. డైనమో కాలువ లాంటిది. డైనమో చెడిపోయినా బండి కొంత దూరం నడుస్తుంది. ఆ తర్వాత లైట్లు మసకబారతాయి. బండి ఆగిపోతుంది. మళ్లీ స్టార్టు కాదు.

డైనమో కరెంటును ఎట్టా పుట్టిస్తుంది? అయస్కాంతం పక్కన రాగి తీగ చుట్ట పెట్టి, రెండిట్లో ఒకదాన్ని తిప్పితే తీగలో కరెంటు పుడుతుంది. ఈ సంగతిని 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. పాత సైకిళ్లకు చిన్న డైనమో ఉండేది. చక్రానికి ఆనించి తొక్కితే లైటు వెలిగేది. కారులో ఆ తిప్పే పని ఇంజను చేస్తుంది. మధ్యలో ఒక రబ్బరు బెల్టు ఉంటుంది. దాన్ని ఫ్యాను బెల్టు అంటారు.

బాగా పాత బండ్లలో అసలు డైనమోనే ఉండేది. తర్వాత వచ్చిన బండ్లలో ఆల్టర్నేటరు ఉంటుంది. దీన్ని కూడా మనవాళ్లు డైనమో అనే పిలుస్తారు. రెండిటికీ తేడా ఉంది. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు పాత డైనమో సరిగా చార్జి చేయలేదు. ఆల్టర్నేటరు ఆ సమయంలో కూడా చార్జి చేస్తుంది. మన దేశంలో ఈ సామాన్లు చేసే కంపెనీల్లో లూకాస్ టీవీఎస్ ఒకటి. అది 1961లో మద్రాసులో మొదలయింది.

ముందు జబ్బు తెలుసుకోవాలి

బిడ్డకు జ్వరం వస్తే సూది ముందా, పరీక్ష ముందా? పరీక్షే ముందు. బండికి కూడా అంతే. స్టార్టు కాని ప్రతి బండిలో డైనమో పోయిందని కాదు. ఈ నాలుగూ వరసగా చూడాలి.

1. ఎర్ర లైటు. తాళం తిప్పగానే ఎదురుగా చిన్న ఎర్ర లైటు వెలగాలి. ఇంజను స్టార్టు అయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే చార్జింగు లేదని అర్థం. పాత డైనమో ఉన్న బండిలో మాత్రం ఇంజను మెల్లగా ఉన్నప్పుడు మిణుకుమనడం మామూలే. తాళం తిప్పినా అసలు వెలగకపోతే బల్బు గానీ తీగ గానీ పోయి ఉండవచ్చు.

2. ఫ్యాను బెల్టు. ఇంజను ఆపి చూడాలి. బెల్టు తెగిందా? చీలికలు ఉన్నాయా? రెండు చక్రాల మధ్య బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం లోపలికి పోవాలి. అంతకంటే బాగా పోతే బెల్టు వదులు అయినట్టు. వదులు బెల్టు జారిపోతుంది. డైనమో సరిగా తిరగదు. అంబాసిడరులో ఇదే బెల్టు నీళ్ల పంపునూ ఫ్యానునూ తిప్పుతుంది. అది తెగితే ఇంజను వేడెక్కిపోతుంది. అప్పుడు బండి నడపకూడదు.

3. బ్యాటరీ తీగలు. బ్యాటరీ మీద రెండు మొనలు ఉంటాయి. ఒకటి ప్లస్, ఒకటి మైనస్. వాటి మీద తెల్లగా గానీ పచ్చగా గానీ పొడి పడుతుంది. ఆ పొడి కరెంటును అడ్డుకుంటుంది. తీగలు ఊడదీసి, వేడి నీళ్లతో కడిగి, బ్రష్షుతో రుద్ది, ఆరాక బిగించాలి. పైన కొంచెం వాజిలీను రాయాలి.

4. మీటరు. కరెంటు కొలిచే మీటరుతో బ్యాటరీని చూడాలి. ఇంజను ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఆల్టర్నేటరు ఉన్న బండిలో ఇంజను తిరుగుతుంటే సుమారు 13.8 నుంచి 14.4 దాకా ఎక్కాలి. అంకె పెరగకపోతే చార్జింగు లేనట్టు. 15 దాటితే ఎక్కువ చార్జి అవుతున్నట్టు. అది కూడా చెడ్డదే. బ్యాటరీ పాడవుతుంది.

అక్కలారా, ఇక్కడ అంకెలు చదవడం వస్తే చాలు. బండి జబ్బులో సగం మనకే తెలిసిపోతుంది.

మనమే మార్చుకుంటే

బెల్టు బాగుంది. తీగలు బాగున్నాయి. అయినా చార్జింగు లేదు. అంటే డైనమో చూసుకోవాలి. అలవాటు ఉన్న మనిషి పక్కన ఉంటే దీన్ని ఊడదీసి బిగించడం నేర్చుకోవచ్చు. కావలసినవి పానాలు, స్క్రూడ్రైవరు, కాగితం, పెన్సిలు.

ముందు జాగ్రత్తలు. గాజులు, ఉంగరాలు తీసేయాలి. గాజు తగిలి బ్యాటరీ రెండు మొనలూ కలిస్తే చెయ్యి కాలుతుంది. జడ ముడి వేసుకోవాలి. కొంగు దోపుకోవాలి. ఇంజను తిరిగేటప్పుడు బెల్టు దగ్గరకు పోకూడదు. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. బ్యాటరీ నుంచి మండే గాలి వస్తుంది. లోపల యాసిడ్ ఉంటుంది.

ఇక పని.

తాళం తీసేయాలి. ఇంజను చల్లారాలి.

బ్యాటరీలో ఎర్తు తీగను ముందు తీయాలి. ఎర్తు తీగ అంటే బండి ఇనుప బాడీకి కలిపిన తీగ. చాలా బండ్లలో అది మైనస్ తీగ. బాగా పాత బండ్లు కొన్నిట్లో ప్లస్ తీగ బాడీకి కలిపి ఉంటుంది. ఏది ఎట్టా ఉందో చూసి రాసుకోవాలి.

డైనమో వెనక ఉన్న తీగలు ఎక్కడివి అక్కడ బొమ్మ వేసుకోవాలి. ఏ రంగు తీగ ఏ మొనకు ఉందో రాయాలి. ఫోనులో ఫోటో కూడా తీసుకోవచ్చు. తీగలకు కాగితం ముక్కలు కట్టి 1, 2, 3 అని రాస్తే ఇంకా మంచిది.

బోల్టులు వదులు చేసి డైనమోను ఇంజను వైపు నెట్టాలి. బెల్టు వదులై వచ్చేస్తుంది. తర్వాత బోల్టులు తీసి డైనమోను బయటికి తీయాలి. బరువుగా ఉంటుంది. కింద చెయ్యి పెట్టుకోవాలి.

కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి చూడాలి. బెల్టు తిరిగే చక్రం ఒకటేనా? బోల్టు రంధ్రాలు ఒకటేనా? 12 వోల్టులేనా? తేడా ఉంటే బిగించకుండా కొట్టుకు తిరిగి తీసుకుపోవాలి.

బిగించేటప్పుడు తీసిన వరసకు ఎదురు వరస. ఎర్తు తీగ ఆఖరున పెట్టాలి. ఇంజను స్టార్టు చేసి మీటరు చూడాలి.

ఒక్క మాట బాగా గుర్తు పెట్టుకోండి. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ తీగ ఊడదీయకూడదు. "తీసి చూద్దాం, ఇంజను ఆగితే డైనమో పోయినట్టే" అంటుంటారు కొందరు. అట్టా చేస్తే ఆల్టర్నేటరు లోపలి డయోడ్లు కాలిపోవచ్చు. బాగున్నది పాడవుతుంది.

షెడ్డుకే పోవలసిన పనులు

కొన్ని పనులు మనం చేయకూడదు. పాత డైనమో తీసి ఆల్టర్నేటరు పెట్టడం అట్టాంటిది. పాత డైనమోకు విడిగా ఒక కంట్రోలు పెట్టె ఉంటుంది. ఆల్టర్నేటరు పెడితే ఆ తీగలు మార్చాలి. ప్లస్, మైనస్ తారుమారైతే కొత్త ఆల్టర్నేటరు ఆ క్షణమే కాలిపోతుంది. తీగలు కాలిన వాసన వస్తున్నా, చార్జింగు మీద చార్జింగు ఎక్కువ అవుతున్నా ఎలక్ట్రీషియనుకే చూపించాలి.

మధ్య దారి కూడా ఒకటి ఉంది. డైనమోను మనమే ఊడదీసి, దాన్ని మాత్రం ఎలక్ట్రీషియను దగ్గరికి తీసుకుపోవచ్చు. ఆయన బల్ల మీద తిప్పి పరీక్ష చేస్తాడు. చాలాసార్లు మొత్తం పోదు. లోపల కార్బన్లు అరిగి ఉంటాయి. లేదా బేరింగు పోయి ఉంటుంది. అవి మారిస్తే పాతదే పని చేస్తుంది.

లెక్క వేద్దాం

ఈ అంకెలు లెక్క నేర్చుకోవడానికే. అసలు ధరలు మీ కొట్టులో అడగండి.

కొత్త ఆల్టర్నేటరు 4,000 రూపాయలు అనుకుందాం. షెడ్డులో కూలి 600 రూపాయలు. మొత్తం 4,600 రూపాయలు.

మనమే మార్చుకుంటే ఆల్టర్నేటరు 4,000. పానాలు కొనాలి, 500. మొత్తం 4,500 రూపాయలు.

మిగిలింది 100 రూపాయలే! పానాలు ఉంటాయి కాబట్టి రెండోసారి 600 మిగులుతుంది. కానీ మనం రోజంతా తంటాలు పడితే ఒక రోజు బాడుగ పోతుంది. ఆ నష్టం కూడా లెక్కలో రాయాలి.

ఇప్పుడు ఇంకో లెక్క. పోయింది బెల్టు ఒక్కటే. దాని ధర 300 అనుకుందాం. అది తెలియక ఆల్టర్నేటరే మార్పిస్తే 4,600 ఖర్చు. తెలిసి బెల్టు మారిస్తే 300. మిగిలింది 4,300 రూపాయలు.

చూశారా? పానా పట్టడం కంటే జబ్బు తెలుసుకోవడంలోనే ఎక్కువ డబ్బు మిగిలింది.

షెడ్డులో ఏమి అడగాలి?

షెడ్డు మనిషి కూడా కష్టపడే బతుకుతున్నాడు. ఆయన కూలి ఆయనకు ఇవ్వాలి. కానీ మన డబ్బుకు లెక్క అడిగే హక్కు మనకుంది. మర్యాదగా ఇట్లా అడగండి.

"ఏం పోయిందన్నా? నాకు చూపించు."

"కార్బన్లు మారిస్తే సరిపోదా?"

"మొత్తం ఎంత అవుతుంది? పని మొదలు పెట్టక ముందే కాగితం మీద రాసివ్వు."

"పెట్టేది కొత్తదా, వైండింగు చేసిన పాతదా? గ్యారంటీ ఎన్ని నెలలు?"

"పాత సామాను నాకు ఇచ్చెయ్యి."

"నా ఎదురుగా మీటరు పెట్టి చూపించు."

బిల్లు తీసుకోండి. చదవండి. తేదీ ఉందా? బండి నంబరు ఉందా? సామాను ధర వేరుగా, కూలి వేరుగా రాశారా? కూడిక సరిగా ఉందా? గ్యారంటీ రాశారా? అన్నీ చూశాకే డబ్బు ఇవ్వండి. బిల్లు దాచి పెట్టండి. గ్యారంటీ ఉన్నా బిల్లు లేకపోతే అడగడం కష్టం.

అడగడానికి బెరుకా? మన జిల్లా ఆడవాళ్లను తలుచుకోండి. 1990ల మొదట్లో మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నారు. "మన కూలి డబ్బు ఎక్కడికి పోతోంది?" అని ఒకరినొకరు అడిగారు. 1992లో సారా కొట్టును ఎదిరించారు. అది ఊరూరికీ పాకింది. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అంత పెద్ద పని ఒక ప్రశ్నతో మొదలయింది. ఒక బిల్లు గురించి అడగడం మనకు ఎంత పని?

బెల్టు, బ్యాటరీ తీగలు మనమే చూసుకుందాం. ఊడదీయడం, బిగించడం తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకుందాం. తీగలు మార్చే పని తెలిసినవాళ్లకే ఇద్దాం. ఏది చేసినా లెక్క మన నోటుబుక్కులో ఉండాలి. అర్ధరాత్రి పురిటి నొప్పులతో ఎవరైనా తలుపు కొడితే మన బండి ఒక్కసారికే స్టార్టు కావాలి.

ఆలోచించి రాయండి

1. డైనమో పోయినా బండి కొంత దూరం ఎందుకు నడుస్తుంది?

2. ఎర్ర లైటు ఆరకపోతే మొదట ఏమి చూస్తారు?

3. బెల్టు 280 రూపాయలు, కూలి 120 రూపాయలు. 500 నోటు ఇస్తే తిరిగి ఎంత రావాలి?

4. మీ ఇంట్లో ఉన్న ఒక పాత బిల్లు తెచ్చి అందరికీ చదివి వినిపించండి.