టెన్నిసు క్రీడాకారుని వృత్తి

వైద్యము, వకాలతు, ఉపాధ్యాయత్వము, వ్యవసాయము మొదలగు వృత్తులను గూర్చి మన తల్లిదండ్రులు ఎరుగుదురు. వానిలో ప్రవేశించుటకు ఏమి చదువవలెనో, ఎన్నేండ్లు పట్టునో, రాబడి యెట్లుండునో వారు చెప్పగలరు. ఆటనే వృత్తిగా గైకొన్నవాని సంగతి యట్లు కాదు. గెలిచినవాడు వెండిపాత్రను చేతబట్టుకొని నిలుచున్న చిత్రమును, దాని క్రింద లక్షల డాలరుల సంఖ్యను మన బాలబాలికలు పత్రికలలో చూచుచున్నారు. ఆ చిత్రము వెనుకనున్న సంవత్సరములు వారికి కనబడవు. టెన్నిసు ఆడి బ్రతుకవచ్చునా యని అడుగు బాలునికిని, వానికి బదులు చెప్పవలసిన తండ్రికిని ఉపయోగపడునట్లు ఈ వృత్తి యెట్టిదో ఇచ్చట వివరింపదలచితిమి.

ఇందులకు ఉదాహరణమును సముద్రములకు ఆవలినుండి తేనక్కరలేదు. మన ద్రాక్షారామము గోదావరి డెల్టాలో నున్నట్లే ఉయ్యూరు కృష్ణా డెల్టాలో నున్నది. వరియు చెరకును పండు ఆ యూర 1987వ సంవత్సరము అక్టోబరు 19వ తేదీన మైనేని సాకేత్ జన్మించెను. విశాఖపట్టణపు క్రీడాకారుడుగా ఈయన ప్రసిద్ధుడు. ఈయన ప్రపంచ విజేత కాలేదు. అందుచేతనే మన ప్రయోజనమునకు ఈయన చరిత్ర తగియున్నది; ఏలయన, శిఖరముననున్న పదిమంది కథవలన ఈ వృత్తి యొక్క స్వరూపము తెలియదు, నిచ్చెన నడిమి మెట్లమీదనున్న వారి కథవలననే తెలియును.

మొదట వృత్తి పుట్టుకను తెలిసికొందము. వింబుల్డనులో పోటీలు 1877లో ప్రారంభమైనవి. అయినను తరువాత తొంబది సంవత్సరముల వరకు అట్టి గొప్ప పోటీలలో ధనము గొని యాడువారికి ప్రవేశము లేకుండెను. వినోదార్థము ఆడువారు మాత్రమే వానికి అర్హులు. 1968లో ఆ కట్టుబాటు తొలగింపబడి, వృత్తిగా ఆడువారును ఆడవచ్చునని నిర్ణయించిరి. 1973నుండి పురుష క్రీడాకారుల తారతమ్యమును కంప్యూటరు సాయమున లెక్కించి ర్యాంకులు ప్రకటించుట మొదలైనది. కావున నేటి రూపమున ఈ వృత్తి మిక్కిలి ప్రాచీనమైనది కాదు.

ఇక దీని నడక. టెన్నిసు క్రీడాకారుడు ఎవరికిని ఉద్యోగి కాడు; నెలజీతము లేదు. మన కౌలురైతు పంట చేతికి రాకమునుపే విత్తనములకు, ఎరువులకు, కూలీలకు పెట్టుబడి పెట్టునట్లు, ఈతడును విమానపు చార్జీలు, వసతి, శిక్షకుని వేతనము ముందుగా చెల్లించి దేశాంతరమునకు పోవును. మొదటి ఆటలోనే ఓడినచో పెట్టుబడిలో మిక్కిలి స్వల్పభాగము మాత్రమే తిరిగివచ్చును. మొత్తము 15,000 డాలరుల బహుమానముగల చిన్న పోటీలో సింగిల్సు విజేతకు సుమారు 2,160 డాలరులు ముట్టును. మొదటి ఆటలో ఓడినవానికి వచ్చునది సుమారు 150 డాలరులే. ఇట్టి చిన్న పోటీలు క్రింది మెట్టు. వానిపైన ఛాలెంజరు పోటీలు, వానిపైన ప్రధాన పోటీలు, అన్నిటికంటె పైన ఆస్ట్రేలియా, ఫ్రాన్సు, వింబుల్డను, అమెరికా అను నాలుగు మహాపోటీలు ఉన్నవి.

ఒక మెట్టునుండి పై మెట్టునకు ఎక్కించునది ర్యాంకు. పోటీలో గెలిచిన కొలది పాయింటులు వచ్చును. పాయింటులనుబట్టి ర్యాంకు వచ్చును. ఇచ్చట ఒక నియమమును విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలెను. ఒక వారమున సంపాదించిన పాయింటులు ఏబదిరెండు వారములు మాత్రమే లెక్కలో నుండును. పిదప అవి తొలగిపోవును. నిరుటి గాదెలోని ధాన్యము ఈ యేటికి తరిగిపోవును గనుక రైతు మరల నారు పోయవలసినట్లు, క్రీడాకారుడు నిరుడు గెలిచినదానికి సమానముగా ఈ యేడును గెలువవలెను. లేనిచో క్రిందికి జారును. ఈ వృత్తిలో గెలుపును దాచుకొనుటకు వీలులేదు. సాకేత్ చరిత్రను ఈ నియమమును మనస్సున నుంచుకొని చదువవలెను.

పేరొందిన క్రీడాకారులలో పెక్కుమంది పదునారు, పదునేడేండ్లకే వృత్తిలో దిగుదురు. హైదరాబాదున పెరిగిన సానియా మీర్జా 2003లో అట్లే దిగెను. సాకేత్ వేరొక త్రోవను పట్టెను. ఈయన అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయమున చేరి, ఆ కళాశాల జట్టు పక్షమున ఆడుచు 2011 వరకు చదివెను. అమెరికా విశ్వవిద్యాలయములు సమర్థులైన క్రీడాకారులకు విద్యార్థివేతనము లొసగి, శిక్షకులను, ఆటస్థలములను సమకూర్చును. ఈ మార్గమున పూర్తికాలపు వృత్తి యారంభము కొన్ని యేండ్లు వెనుకబడుట నిజమే. కాని పాయింటులవలె ఏబదిరెండు వారములకు రాలిపోనట్టి చదువు చేతికి వచ్చును.

2014వ సంవత్సరము సాకేత్‌కు శుభవత్సరము. ఆ యేడు ఇందోరులో ఛాలెంజరు పోటీని గెలిచెను. ఆ సంవత్సరమే కొరియాలోని ఇంచియోన్ నగరమున ఆసియా క్రీడలు జరిగినవి. ఆసియా క్రీడలలో పతకమేగాని పాయింటులు లేవు, బహుమాన ధనము లేదు. అందుచేత లియాండర్ పేస్, రోహన్ బోపన్న, సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వంటివారు ఆ దినములలో వృత్తిపోటీలకే పోవుటకు నిర్ణయించుకొనిరి. వారిని నిందింపరాదు, పాయింటులే వారి జీవనాధారము. సాకేత్ వెళ్లెను, సానియా మీర్జాయు మొదట సంశయించి తుదకు వెళ్లెను. మిక్సెడ్ డబుల్సులో వారిద్దరును బంగారు పతకమును గెలిచిరి. పురుషుల డబుల్సులో సనమ్ సింగుతో గూడి సాకేత్ వెండి పతకమును పొందెను.

మరుసటి యేడు వియత్నాములోని హోచిమిన్ నగరమున మరియొక ఛాలెంజరు గెలిచి, ఆ 2015లోనే సింగిల్సున 137వ ర్యాంకునకు ఎక్కెను. లోకములో నూటముప్పదియారుగురు మాత్రమే తనకంటె మేటిగా లెక్కింపబడుట సామాన్యమా? అయినను ఈ వృత్తిలో ఆ సంఖ్యకు అర్థము వేరు. మహాపోటీ సింగిల్సులో 128 మందికి చోటు గలదు. అందు సుమారు 104 మంది తమ ర్యాంకుచేతనే ప్రవేశింతురు. అంతకు దిగువనున్నవారు అర్హతపోటీలో వరుసగా మూడు ఆటలు గెలువవలెను. అట్లు గెలిచి లోనికి వచ్చువారు పదునారుగురే.

2016లో సాకేత్ న్యూయార్కున ఆ మూడు ఆటలును గెలిచి అమెరికా మహాపోటీలో ప్రవేశించెను. మొదటి ఆటలో చెకు దేశస్థుడగు యిరీ వెసెలీతో అయిదు సెట్లు పోరాడి, కడపటి సెట్టున 5-7గా ఓడెను. ఆ యొక్క ఓటమికి దొరికిన ధనము 40,000 డాలరులకు పైబడినది. చిన్న పోటీని గెలిచినవానికి ముట్టు మొత్తముతో దీనిని పోల్చి చూచినచో, పై మెట్టునకు క్రింది మెట్టునకు గల అంతరము బోధపడును. ఆ సెప్టెంబరులోనే ఢిల్లీలో స్పెయినుతో జరిగిన డేవిస్ కప్పు పోటీలో లియాండర్ పేస్‌తో జతగూడి, రఫాయెల్ నడాల్, మార్క్ లోపెజ్ అను జంట నెదిరించి మొదటి సెట్టును గెలుచుకొనెను. తరువాతి మూడును పోయినవి.

2017లో గాయములవలన ఆయన చాలకాలము ఆడలేకపోయెను. ఆ యేడే భారత ప్రభుత్వము అర్జున పురస్కారము నొసగెను. సన్మానము వచ్చిన యేటనే మెట్లు దిగవలసివచ్చెను; ఏలయన పురస్కారములు గాయమును మాన్పవు, గడచిన వారముల పాయింటులను నిలుపవు. ఉద్యోగి జబ్బుపడినచో సెలవు గలదు. క్రీడాకారునికి దేహమే పొలము, దేహమే అరక. అది చెడినచో రాబడియు నిలిచిపోవును.

ఇట్టి సమయమున కొందరు వృత్తిని విడుతురు. కొందరు దానిలోనే దారి మార్చుకొందురు. డబుల్సు ఆటలో ఇరువురు కలిసి కోర్టును పంచుకొందురు గనుక పరుగు తగ్గును. చురుకైన చూపు, వలయొద్ద నేర్పు, జతగానితో పొందిక ఎక్కువగా కావలెను. సానియా మీర్జా 2007లో సింగిల్సున 27వ ర్యాంకు వరకు వచ్చినది. మణికట్టు, మోకాలు బాధింపగా 2013నుండి డబుల్సునకే కట్టుబడి, 2015లో ప్రపంచమున మొదటి ర్యాంకు నందెను. ఆ యేడే మార్టినా హింగిస్‌తో గూడి వింబుల్డను గెలిచెను. సాకేతును ఆ మార్గమునే పోయి, 2022లో యూకీ భాంబ్రీతో గూడి పలు ఛాలెంజరు పోటీలను గెలిచెను. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో రామ్‌కుమార్ రామనాథన్‌తో గూడి మరల వెండి పతకమును సంపాదించెను. అప్పటికి ఆయనకు ముప్పదియైదేండ్లు నిండియుండెను. ఇంచియోన్ పతకములకును దీనికిని నడుమ తొమ్మిది సంవత్సరములు గడచినవి.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ రాకెటు కావలెనన్నచో కాదనకుడు. ఆట దేహమునకును నడవడికకును మేలుచేయును. కాని వృత్తిగా తీసికొందుననినచో మూడు ప్రశ్నలు వేసి చూడుడు. ఓడిన సంవత్సరములలో ఖర్చు భరించువారెవరు? దేహము సహకరింపనినాడు చేయుటకు చదువేదైన కలదా? గెలుపు పత్రికల కెక్కని ఊళ్లలో, చూచువారు పదిమందియు లేని కోర్టులలో ఆడుటకు బిడ్డకు ఇష్టము కలదా? మూడవ ప్రశ్నకు తల్లిదండ్రులు బదులు చెప్పజాలరు. దానిని బిడ్డయే చెప్పవలెను.

విద్యార్థులారా! మన పాఠశాలలో చదివినవారిలో ఒకరు ఈ నిచ్చెన నెక్కినచో మేము మిక్కిలి సంతోషింతుము. ఎక్కదలచినవారు వేకువను కోర్టునకు పొండు. గంట కొట్టునప్పటికి తరగతిలోను ఉండుడు. పరీక్షలో ఒక యేడు ఉత్తీర్ణులైనచో ఆ తరగతి మరల చదువనక్కరలేదు. ఆటలోనో, నిరుడు గెలిచినదానిని ఈ యేడు మొదటినుండి మరల గెలువవలెను. ఈ భేదము నెరిగి యాడువారికి ఓటమి అంత భయంకరముగా తోపదు.