తాడు మీద మాట

హైదరాబాదుకు తూర్పున, విజయవాడ దారిలో బాటసింగారం అనే ఊరుంది. అది అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోనిది. అదే మండలంలోని లష్కర్‌గూడలో 2024 జులై 14న కల్లుగీత కార్మికులకు రక్షణ సామగ్రి ఇవ్వడం మొదలుపెట్టారు. చెట్టు మీద కాలు జారినా మనిషి నేల మీద పడకుండా ఆపే తాళ్లూ, పట్టీలూ, కొక్కేలూ అందులో ఉంటాయి. కొండలెక్కేవారు వాడేవీ ఇటువంటివే.

ఆ కొక్కేన్ని 'కారబినర్' అంటారు. ఇది జర్మన్ మాట. పూర్వం ఆశ్విక సైనికులు పొట్టి తుపాకీని పట్టీకి తగిలించుకొనే కొక్కేన్ని 'కరబీనర్‌హాకెన్' అనేవారు. 'హాకెన్' అంటే కొక్కెం, 'కరబీనర్' అంటే పొట్టి తుపాకీ. విచిత్రం చూడండి! వాడుకలో కొక్కెం పోయి తుపాకీ మిగిలింది. ఇంగ్లీషువారు ఆ మాటనే తీసుకున్నారు.

జర్మన్ మాటలే ఎందుకు? ఆల్ప్స్ పర్వతాల్లో ఆ భాష మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. కొండలెక్కే పద్ధతులు అనేకం అక్కడే పెరిగాయి.

అన్నిటినీ అలాగే తీసుకుంటే సరిపోతుందా? పోదు. కొన్ని కారబినర్ల మీద 'హెచ్.ఎమ్.ఎస్.' అని ఉంటుంది. అది 'హాల్బ్‌మాస్ట్‌వుర్ఫ్‌జిహెరుంగ్' అనే మాటకు పొట్టి రూపం. ముక్కముక్కగా అనువదిస్తే 'సగం తెరచాపకొయ్య విసురు భద్రత' అని వస్తుంది! ఎవరికైనా అర్థమవుతుందా? నిజానికి 'మాస్ట్‌వుర్ఫ్' ఒక ముడి పేరు. దానిలో సగం వంటి ముడితో, తోటివాడు జారితే తాడును బిగించి ఆపుతారు. ఇంగ్లీషులో ఆ మాటను వదిలి, స్విట్జర్లాండు పర్వతారోహకుడు వెర్నర్ ముంటర్ పేరుతో దాన్ని 'ముంటర్ ముడి' అన్నారు.

ఇంకొక మాటలో ప్రమాదమే ఉంది. ముందుగా పైకి చేరిన జర్మన్ 'ష్టాంట్!' అని కేక వేస్తాడు. రాతలో అది ఇంగ్లీషు 'స్టాండ్' లాగానే ఉంటుంది. కాని 'నిలబడు' అని దాని అర్థం కాదు. 'నేను భద్రమైన చోటు చేరి నన్ను కట్టుకున్నాను. ఇక నన్ను కాపాడే తాడును నువ్వు విడవవచ్చు' అని అర్థం. బ్రిటన్‌లో దీనికి 'సేఫ్!' అని అరుస్తారు. కింద ఉన్నవాడు ఈ కేకను పొరబడి ముందే తాడు వదిలితే, పైవాడి ప్రాణానికే ముప్పు.

కనుక ఇటువంటి మాటను అనువదించేటప్పుడు నిఘంటువు ఒక్కటే చాలదు. ఆ క్షణంలో తాడు ఏమి చేస్తున్నదో కూడా తెలియాలి.

మన గీత కార్మికులకూ సొంత మాటలున్నాయి. చెట్టునూ నడుమునూ కలిపి చుట్టేది మోకు. కాళ్లకు వేసుకొనేది గుజి. ఇటువంటివి ఇంకా ఏమున్నాయో మీ ఊరి గీత కార్మికులను అడిగి రాసుకోండి. ఒక్కొక్కటి ఏ పని చేస్తుందో కూడా పక్కనే రాయండి. చెట్టు మాత్రం ఎక్కకండి సుమా!