'పొసెషన్' అంటే కబ్జాయేనా?

ఇంగ్లీషులో 'పొసెషన్' అనే మాటకు అర్థమేమిటని ఉర్దూ మీడియంలో చదివి వచ్చిన మిత్రుల నడిగితే తడుముకోకుండా 'కబ్జా' అంటారు. వారు చెప్పేది సరియైనదే. కాని ఆ మాట వినగానే తెలుగు మిత్రులు ఉలిక్కిపడతారు. వారి దృష్టిలో కబ్జా అంటే ఒకరి భూమిని మరొకరు కాజేయడం! నేను బి.ఎస్సీ. విద్యార్థినే కాని భాషాపండితుణ్ని కాను. అయినా వ్యవసాయ కుటుంబంలో పుట్టినందున ఈ మాట నాకు చిన్ననాటి నుండి తెలుసు.

కబ్జా అరబ్బీ మూలం నుండి వచ్చిన మాట. పిడికిట పట్టుకోవడం దాని అసలు అర్థం. ఉర్దూలో కత్తిపిడిని, తలుపుబందును కూడ కబ్జా అంటారు. హకీములు మలబద్ధకాన్ని 'కబ్జ్' అనడం కూడ ఈ కుటుంబంలోనిదే! పట్టు ఎవరిదో చెప్పడమే ఈ మాట పని. అది న్యాయమా, అన్యాయమా అన్నది చెప్పదు. అన్యాయమని చెప్పవలసి వస్తే ఉర్దూవారు ముందర 'నాజాయజ్' అని చేరుస్తారు. తెలుగు పత్రికలు ఆ విశేషణాన్ని వదిలేసి 'భూకబ్జా' అని మాత్రం తీసుకున్నాయి.

1948 దాకా మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో కచేరీ భాష ఉర్దూ. తహసీలు, జమాబందీ వంటి మాటల వెంట కబ్జా కూడ పల్లెలకు వచ్చింది. పహాణీలో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు ఇంకొక గడి ఉండేవి. మొదటిది హక్కు సంగతి. దాన్ని ఇంగ్లీషులో 'ఓనర్‌షిప్' అని, ఉర్దూలో 'మిల్కియత్' అని అంటారు. రెండవది పొసెషన్, అనగా కబ్జా.

మా బాపు ఇప్పటికీ "చెలక మన కబ్జాల ఉన్నది" అంటడు. మనమే దున్నుతున్నమని దాని భావం. ఒకసారి అర్జీ రాసినాయన దాన్ని "కబ్జా చేసినాము" అని రాసిండు. చదివి వినిపిస్తే బాపు ముఖం నల్లబడ్డది. తాత దున్నిన భూమికి తానే దొంగ అయినట్టు! 'కబ్జాలో ఉన్నది' అంటే అనుభవం, 'కబ్జా చేసిండు' అంటే ఆక్రమణ. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 1982లో వచ్చిన చట్టం కూడ ఆక్రమణను 'ల్యాండ్ గ్రాబింగ్' అన్నది కాని పొసెషన్ అనలేదు.

ఇక వాడుక. 'టేక్ పొసెషన్' అంటే ఉర్దూలో 'కబ్జా లేనా'. కొన్న ఇంటి తాళంచెవి తీసుకోవడం కూడ అదే, అందులో తప్పేమీ లేదు. 'ఇన్ పొసెషన్ ఆఫ్' అన్నప్పుడు కర్త మనిషి, 'ఇన్ ది పొసెషన్ ఆఫ్' అన్నప్పుడు కర్త వస్తువు. బహువచనంలో 'పొసెషన్స్' అంటే సొంత సామాను, అక్కడ కబ్జా పొసగదు. దయ్యం పట్టినవాణ్ని 'పొసెస్డ్' అంటారు, అక్కడ ఉర్దూమాట 'ఆసేబ్'. 'అడ్వర్స్ పొసెషన్' అంటే 'కబ్జా ముఖాలిఫానా'. హక్కుదారునికి ఎదురుగా, బాహాటంగా, ఎడతెగక ఒకరు భూమి అనుభవిస్తే, 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం 12 ఏండ్లకు హక్కుదారుని దావా గడువు తీరుతుంది. ప్రభుత్వ భూమికైతే 30 ఏండ్లు.

కనుక మిత్రులారా, ఇంట్లో పెద్దలు కాగితం మీద వేలిముద్ర వేసే ముందు అందులో ఉన్నది మిల్కియతా, కబ్జాయా, ఆక్రమణా అన్నది చదివి చెప్పండి. మన చదువు ముందుగా అక్కరకు రావలసింది అక్కడనే.